పిస్టన్ ఒకసారి జారింది, ఒకసారి మొరాయించింది: ముందు కాలిపర్ మీద ఒక కేస్ స్టడీ

ఈ కేసులో ఒకే చక్రాన్ని మూడుసార్లు విప్పాను. మొదటి రెండుసార్లూ కంటికి కనబడిన లోపాన్ని సరిచేసి, అసలు లోపాన్ని అక్కడే వదిలేసి కారు పంపించాను. బ్రేకుల పని చేసేవాళ్లకు, సొంత కారు కాలిపర్ (చక్రంతో తిరిగే డిస్క్‌ను రెండు ప్యాడ్ల మధ్య నొక్కి పట్టే భాగం) తామే విప్పి బిగించుకునేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. కారు ఎవరిదో తెలిసే వివరాలన్నీ తీసేశాను. కొలతలు మాత్రం నా జాబ్ కార్డులో రాసుకున్నవే.

కారు, దాని గతం

చిన్న హ్యాచ్‌బ్యాక్, తొమ్మిదేళ్ల కారు. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు, ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉంది. ముందు కాలిపర్లు సింగిల్ పిస్టన్ ఫ్లోటింగ్ రకం. అంటే పిస్టన్ లోపలి వైపు మాత్రమే ఉంటుంది. అది లోపలి ప్యాడ్‌ను డిస్క్ మీదికి నెడుతుంది. డిస్క్ కదలదు కాబట్టి ఆ ఒత్తిడికి కాలిపర్ బాడీ మొత్తం గైడ్ పిన్నుల మీద జారి, బయటి ప్యాడ్‌ను తన వైపు లాక్కుంటుంది. రెండు ప్యాడ్లూ సమానంగా నొక్కాలంటే పిన్నులు నునుపుగా జారాలి, పిస్టన్ హాయిగా ముందుకీ వెనక్కీ కదలాలి.

నా దగ్గరికి రావడానికి నాలుగు నెలల ముందు వేరే చోట ముందు ప్యాడ్లు మార్పించారు. అంతకుమించి బ్రేకుల మీద పెద్ద పని ఏదీ జరగలేదు.

వచ్చిన ఇబ్బంది

"బ్రేక్ వేస్తే కుడికి లాగుతోందండీ, వదిలేస్తే ఎడమకి లాగుతోంది. కాసేపు నడిపాక ఎడమ చక్రం దగ్గర కాలిన వాసన వస్తోంది" అన్నారు ఓనర్. వీల్ అలైన్‌మెంట్ అప్పటికే చేయించారు. తేడా ఏమీ రాలేదు.

నేను జాబ్ కార్డులో "ఎడమకి లాగుతోంది, ఎడమ ముందు బ్రేక్ వేడి" అని మాత్రమే రాసుకున్నాను. ఎడమ బ్రేక్ పట్టేస్తున్న కారు బ్రేక్ వేస్తే కుడికి ఎందుకు లాగుతుంది? టెన్షన్‌లో ఆయన కుడీ ఎడమా కలిపేసి చెప్తున్నారనుకున్నాను. ఆ ఒక్క మాట ఉన్నదున్నట్టు రాసుకుని ఉంటే ఈ కేసు మొదటి రోజే తేలిపోయేది. రోజూ ఆ స్టీరింగ్ పట్టుకునే మనిషి చేతులకు తెలిసిన సంగతి అది. నాకు అర్థం కాలేదు కాబట్టి తప్పు అనుకున్నాను.

మొదటి విడత: గైడ్ పిన్ను

పావుగంట నడిపి వచ్చి, రెండు ముందు డిస్కుల మీదా ఒకే చోట, ఒకే దూరం నుంచి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెట్టాను. మెరిసే లోహం మీద ఆ గన్ చూపే అంకె అసలు వేడి కన్నా తక్కువ ఉంటుంది. అందుకే అంకె కన్నా రెండు వైపులకీ మధ్య తేడాను చూడాలి. ఎడమ 214 డిగ్రీలు, కుడి 88.

జాకీతో ఎత్తి, స్టాండ్ల మీద కూర్చోబెట్టి ఎడమ చక్రం తిప్పితే బరువుగా తిరిగింది. నేను ఆగాల్సిన చోటు ఇదే. పట్టేసిన బ్రేక్ పట్టేసి ఉన్నంతసేపే సాక్ష్యం చెబుతుంది. స్పానర్ పెట్టి కాలిపర్ ఊడదీసిన మరుక్షణం ప్యాడ్లు వదులవుతాయి, ఎందుకు పట్టేసిందో చెప్పే ఆధారం పోతుంది. నేను ఆ సంగతి ఆలోచించకుండా విప్పేశాను.

ఎడమ లోపలి ప్యాడ్ 3 మిల్లీమీటర్లు మిగిలింది, బయటిది 7. కుడి వైపు రెండూ 8. లోపలి ప్యాడ్ ఇంతగా అరిగిందంటే పిన్నులు జారకపోవడమైనా కావచ్చు, పిస్టన్ వెనక్కి రాకపోవడమైనా కావచ్చు. రెంటినీ విడివిడిగా పరీక్షించాలి. ఇక్కడి వరకు నా ఆలోచన సరిగ్గానే ఉంది.

కింది పిన్ను వేలితో తోస్తేనే జారింది. పై పిన్ను కదల్లేదు. మెలితిప్పుతూ బయటికి లాగితే, దాని కొసన ఉండే రబ్బరు స్లీవ్ ఉబ్బిపోయి ఉంది. దాని మీద చక్రాల బేరింగులకు వాడే మామూలు గ్రీజు. బ్రేకుల్లో వాడే ఈపీడీఎం రబ్బరుకు పెట్రోలియం గ్రీజు పడదు. రబ్బరు ఉబ్బి రంధ్రంలో బిరడాలా బిగుసుకుంటుంది. పిన్నులకు సిలికాన్ గ్రీజో, బ్రేకుల కోసమే చేసిన సింథటిక్ గ్రీజో వాడాలనేది ఇందుకే.

తర్వాత పిస్టన్. కాలిపర్‌లోని ఆయిల్‌నీ గాలినీ బయటికి వదిలే చిన్న మర, అంటే బ్లీడ్ నిపుల్‌కు ట్యూబ్ తగిలించి, నిపుల్ తెరిచి, పాత ప్యాడ్ అడ్డం పెట్టి సీ క్లాంప్‌తో నెట్టాను. నిపుల్ తెరవడం నా అలవాటు. కాలిపర్‌లో మగ్గిన నల్లటి ఆయిల్‌ను వెనక్కి ఏబీఎస్ యూనిట్‌లోకి తోయడం నాకిష్టం ఉండదు. పిస్టన్ వెన్నలా లోపలికి వెళ్లింది. డస్ట్ బూట్, అంటే దుమ్ము పోకుండా ఆపే రబ్బరు తొడుగు, చిరగలేదు. పిస్టన్ బాగుంది, తప్పు పిన్నుదే అని తేల్చుకున్నాను.

కొత్త స్లీవ్, కొత్త బూట్లు, రెండు వైపులా కొత్త ప్యాడ్లు వేసి, బ్రేక్ ఆయిల్ మొత్తం మార్చాను. ఐదు కిలోమీటర్లు నడిపి చూశాను. బాగుంది. "కాసేపు నడిపాక" అని ఓనర్ చెప్పినా, ఆ "కాసేపు" కన్నా తక్కువ దూరమే నడిపి కారు అప్పగించాను.

రెండో విడత: కొత్త కాలిపర్

పదకొండో రోజున కారు తిరిగి వచ్చింది. అదే వాసన, అదే లాగుడు. కాలిపర్ విప్పాను. ఈసారి రెండు పిన్నులూ చక్కగా జారుతున్నాయి. అంటే మిగిలింది పిస్టనే. ఆయిల్ మార్చి పదకొండు రోజులే అయింది, వెనక్కి తోసినా నష్టం లేదు కదా అని నిపుల్ తెరవకుండా నెట్టాను. క్లాంప్ మర వంగిపోతుందేమో అనిపించేంత బిగించాల్సి వచ్చింది. పిస్టన్ మొరాయించింది. వేడికి సిలిండర్‌లో పట్టేసిందని నిర్ణయించి కొత్త కాలిపర్ తెప్పించాను.

అదే పిస్టన్, పదకొండు రోజుల తేడా. నిపుల్ తెరిస్తే జారింది, మూస్తే కదల్లేదు. పిస్టన్ సిలిండర్‌లో ఇరుక్కుంటే నిపుల్ తెరిచినా మూసినా ఒకేలా మొండికేస్తుంది. తెరిచినప్పుడు మాత్రమే జారిందంటే దాన్ని ఆపుతున్నది లోహం కాదు, బయటికి దారి దొరకని ఆయిల్. నా రెండు చేతులూ చేసిన రెండు పరీక్షల్లో జవాబు ఉంది. కానీ వాటిని నేను పక్కపక్కన పెట్టి చూడలేదు.

కొత్త కాలిపర్ బిగించడంలో ఇంకో ఆలస్యం. డబ్బా మీద ఎడమ అని రాసి ఉంది, నేను నమ్మాను. బోల్టులు కుదిరాయి, హోస్ (కాలిపర్‌కు ఆయిల్ తెచ్చే రబ్బరు గొట్టం) కుదిరింది. ఆయిల్‌లో చిక్కిన గాలి పోవాలని గంటసేపు ఎయిర్ తీసినా పెడల్ స్పాంజిలా దిగుతూనే ఉంది. నా దగ్గర పని నేర్చుకునే కుర్రాడు వంగి చూసి, "అన్నా, అటుపక్క నిపుల్ పైన ఉంది కదా, ఇక్కడ కింద ఉందేంటి?" అన్నాడు. డబ్బాలో ఉన్నది కుడి వైపు కాలిపర్. గాలి ఎప్పుడూ పైకే చేరుతుంది. నిపుల్ కాలిపర్‌లో అన్నిటికన్నా పైన లేకపోతే ఎన్ని లీటర్ల ఆయిల్ పోసినా ఆ బుడగ బయటికి రాదు. కాలిపర్‌ను విప్పి, నిపుల్ పైకి వచ్చేలా పట్టుకుని, ప్యాడ్ల మధ్య చెక్క పెట్టి ఎయిర్ తీయడం సాధ్యమే. కానీ ఆ తర్వాత ఆ కారు మీద పనిచేసే ప్రతి మనిషికీ అదే చిక్కు ఎదురవుతుంది. సరైన కాలిపర్ వచ్చేదాకా కారును బయటికి పంపలేదు.

సరైనది బిగించి ఎయిర్ తీస్తుంటే ఎడమ నిపుల్ నుంచి ఆయిల్ సన్నటి ధారగా వచ్చింది. కుడి వైపు ధార బలంగా ఉంది. కొత్త నిపుల్ రంధ్రం చిన్నదేమో అనుకున్నాను. పెడల్ గట్టిపడింది, కారు వెళ్లిపోయింది.

రెండు రోజుల తర్వాత, పాత కాలిపర్ ఎంత పాడైందో కుర్రాడికి చూపిద్దామని బెంచి మీద పెట్టాను. ఎదురుగా చెక్క దిమ్మ పెట్టి, తక్కువ ప్రెషర్ గాలితో పిస్టన్ బయటికి తెచ్చాం. ఈ పనిలో వేళ్లు పిస్టన్ దారిలో ఉండకూడదు, అది గుండులా వస్తుంది. పిస్టన్ మీద తుప్పు చుక్క కూడా లేదు. సిలిండర్ గోడ నున్నగా ఉంది. సీల్ మెత్తగా, ఆకారం చెడకుండా ఉంది. పాడు కాని కాలిపర్‌ను మార్పించాను.

ఆ సాయంత్రమే ఓనర్‌కు ఫోన్ చేశాను. "సార్, నేను మార్చింది పాడైన వస్తువు కాదు. లోపం ఇంకా కారులోనే ఉండొచ్చు. మళ్లీ పట్టేసినట్టు అనిపిస్తే దూరం నడపకండి, పక్కన ఆపి నాకు ఫోన్ చేయండి, నేనే వస్తాను" అన్నాను. ఇలా చెప్పడం కష్టంగానే ఉంటుంది. కానీ బ్రేకుల విషయంలో చెప్పకుండా ఉండే హక్కు మనకు లేదు.

మూడో విడత: ప్రెషర్‌ను అడగడం

ఈసారి ఆయన ఫోన్ కోసం ఎదురుచూడలేదు. మర్నాడే కారు తెప్పించుకుని నేనే నడిపాను. ఇరవై నిమిషాల పాటు మాటిమాటికీ బ్రేక్ వేస్తూ, వదులుతూ వెళ్లాను. అప్పుడు తెలిసింది. బ్రేక్ తొక్కిన మొదటి క్షణంలో కారు కుడికే వెళ్తోంది. వదిలాక ఎడమకే వస్తోంది. ఆయన మాట అక్షరాలా నిజం.

షెడ్‌లోకి రాగానే చల్లారనివ్వకుండా ఎత్తాను. ఎడమ చక్రం తిరగడం లేదు. కళ్లద్దాలు, గ్లవ్స్ వేసుకుని నిపుల్ పావు చుట్టు వదిలాను. ఆయిల్ చిమ్మింది, చక్రం చేతిలో తేలిగ్గా తిరిగింది. ఇరుక్కున్నది ప్రెషరే. యాంత్రికంగా పట్టేసిన కాలిపరైతే నిపుల్ వదిలినా చక్రం అలాగే బిగుసుకుని ఉండేది.

ఇక్కడ తొందరలో ఇంకో తప్పు చేశాను. ప్రెషర్ ఇరుక్కుందని తేలింది, ఎక్కడ ఇరుక్కుందో తేలలేదు. పెడల్ తొక్కితే ప్రెషర్ పుట్టించే మాస్టర్ సిలిండర్‌లో ఆయిల్ వెనక్కి వెళ్లే చిన్న రంధ్రం మూసుకుపోయినా, ఏబీఎస్ యూనిట్‌లో వాల్వ్ అంటుకున్నా, హోస్ లోపల అడ్డం పడినా నిపుల్ దగ్గర కనబడేది ఒకటే. నిపుల్ ముందు తెరవడంతో రెండో ప్రశ్న అడగడానికి ప్రెషర్ మిగల్లేదు. ఈ పరీక్షలో పైనుంచి కిందికి రావాలి. నిపుల్ ఆఖరున తెరవాలి.

నిపుల్ బిగించి, ఆ చక్రానికి ఎయిర్ తీసి, పెడల్ గట్టిగా ఉందని చూసుకుని మళ్లీ ఇరవై నిమిషాలు నడిపాను. మళ్లీ పట్టేసింది. ఈసారి మొదట మిగతా మూడు చక్రాలు తిప్పి చూశాను. అన్నీ తేలిగ్గా ఉన్నాయి. ఈ కారులో ఎడమ ముందు చక్రం, కుడి వెనక చక్రం ఒకే సర్క్యూట్, అంటే మాస్టర్ సిలిండర్ నుంచి రెండింటికీ ఆయిల్ దారి ఒకటే. మాస్టర్ సిలిండర్ వదలకపోతే ఒక్క చక్రమే పట్టేయడం అరుదు. తర్వాత ఇనప పైపు, హోస్ కలిసే పై జాయింట్‌ను కొంచెం వదులు చేశాను. రెండు చుక్కలు కారాయి. చక్రం కదల్లేదు. ఆ జాయింట్‌కు పైన ఉన్నవన్నీ, అంటే మాస్టర్ సిలిండర్, ఏబీఎస్ యూనిట్, ఇనప పైపు, ఆ క్షణంలో నిర్దోషులుగా తేలాయి. జాయింట్ బిగించి కింద నిపుల్ వదిలాను. ఆయిల్ చిమ్మింది, చక్రం తిరిగింది. రెండు జాయింట్ల మధ్య ఉన్నది ఒక్కటే, అడుగున్నర కూడా లేని రబ్బరు హోస్.

హోస్ విప్పి వెలుతురులో చూస్తే, మధ్యలో రెండు సన్నటి నొక్కుడు గీతలు, ఎదురెదురుగా. లాకింగ్ ప్లయర్ లాంటిదేదో బిగించి పట్టిన గుర్తులు. ఆయిల్ కారకుండా హోస్‌ను ప్లయర్‌తో నొక్కి పెట్టడం చాలామంది చేసే పని. పైన రబ్బరు మళ్లీ సర్దుకుంటుంది, లోపలి పొర చిట్లుతుంది. పొడవునా కోస్తే సరిగ్గా ఆ గీతల కిందే లోపలి పొర లేచి, నాలుకలా వేలాడుతోంది. అది కాలిపర్ వైపు నుంచి వచ్చే ఆయిల్‌కు తలుపులా అడ్డం పడుతోంది.

ఆ గీతలను నేను మొదటి రోజే చూశాను. పాత హోస్ మీద ఏవో మచ్చలు అనుకున్నాను.

ఇంత చిన్న పొర చక్రాన్నెలా పట్టేస్తుంది

డిస్క్ బ్రేక్ కాలిపర్‌లో పిస్టన్‌ను వెనక్కి లాగే స్ప్రింగ్ ఉండదు. పిస్టన్ చుట్టూ ఉండే చదరపు కోత రబ్బరు సీల్ ఒక్కటే ఆ పని చేస్తుంది. బ్రేక్ వేసినప్పుడు పిస్టన్ ముందుకు జరిగితే, దాన్ని అంటుకుని ఉన్న సీల్ కొద్దిగా వంగుతుంది. ప్రెషర్ పోగానే తన ఆకారానికి తాను తిరిగొస్తూ పిస్టన్‌ను కూడా మిల్లీమీటరులో చిన్న భాగమంత వెనక్కి లాగుతుంది. ప్యాడ్ డిస్క్‌ను వదలడానికి అంతే చాలు.

మామూలు బ్రేకింగ్‌లోనే లైనులో పదుల బార్ల (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత) ప్రెషర్ వస్తుంది. ఆ తోపుకు హోస్‌లోని పొర పక్కకు ఒరిగి ఆయిల్‌ను పోనిస్తుంది, కాకపోతే కాస్త ఆలస్యంగా. ఆ ఆలస్యంలో కుడి బ్రేక్ ముందుగా పట్టుకుంటుంది కాబట్టి కారు కుడికి లాగుతుంది. పెడల్ వదిలాక ఆయిల్‌ను వెనక్కి పంపేది ఆ రబ్బరు సీల్ చిన్న లాగుడు మాత్రమే. పొరను తోసుకుని వెళ్లే బలం దానికి లేదు. ఎడమ ప్యాడ్లు పట్టుకునే ఉంటాయి, కారు ఎడమకి లాగుతుంది. ఓనర్ నోటి వెంట వచ్చిన ఒక్క వాక్యంలో ఈ రెండూ ఉన్నాయి. ఎయిర్ తీసేటప్పుడు వచ్చిన సన్నటి ధారకూ కారణం ఇదే.

పట్టేసిన బ్రేక్‌ను తేలిగ్గా తీసుకోవద్దని కూడా ఇక్కడే చెప్పాలి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 అనే రకం బ్రేక్ ఆయిల్ ప్రమాణం ప్రకారం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలకు దిగిపోతుంది. కాలిపర్‌లో ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ నేలకు దిగుతుంది.

ఈసారి బిగించిన తీరు

హోస్‌లు రెండు వైపులా కొత్తవి వేశాను. రెండింటి వయసూ ఒకటే, ఒక వైపు కొత్తది, ఇంకో వైపు తొమ్మిదేళ్లది ఉంచడం నాకు నచ్చలేదు. ఈ క్రమాన్ని కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే కాలిపర్ విప్పి బిగించే పనిలో పొరపాట్లన్నీ ఇక్కడే జరుగుతాయి.

చక్రం నట్లు నేల మీద ఉండగానే ఒక చుట్టు వదులు చేసి, వెనక చక్రాలకు అడ్డం పెట్టి, ఎత్తాక స్టాండ్ల మీద దించాను. ఒక్క జాకీని నమ్ముకుని ఎవరూ చక్రం దగ్గర కూర్చోవద్దు. స్టీరింగ్‌ను పక్కకు తిప్పితే కాలిపర్ వెనక బోల్టులు చేతికి అందుతాయి. ముందుగా నిపుల్ కదులుతుందో లేదో చూడాలి. తుప్పు పట్టిన నిపుల్ విరిగేదుంటే మొదట్లోనే విరగాలి, మొత్తం బిగించాక కాదు.

హోస్ విప్పితే రిజర్వాయర్ (బ్రేక్ ఆయిల్ నిలవ ఉండే డబ్బా) మొత్తం కారిపోకుండా నొక్కి పెట్టాలని అందరికీ అనిపిస్తుంది. ఈ కారు హోస్ నాశనమైంది అందువల్లే. దానికి తేలికైన దారి ఉంది. బ్రేక్ పెడల్‌ను ఒక అంగుళం కిందికి దింపి, సీటుకూ పెడల్‌కూ మధ్య కర్ర ఆనించి పెడితే మాస్టర్ సిలిండర్‌లో రిజర్వాయర్ నుంచి వచ్చే రంధ్రం మూసుకుంటుంది, కారడం ఆగుతుంది. పెడల్ దిగి ఉన్నంతసేపూ బ్రేక్ లైట్లు వెలుగుతాయి కాబట్టి ఆ ఫ్యూజ్ తీసి పెట్టుకోవాలి.

కాలిపర్ బ్రాకెట్‌కు బిగించి ఉండగానే, హోస్‌ను కాలిపర్‌కు పట్టి ఉంచే బాంజో బోల్టును కాస్త వదులు చేశాను. కాలిపర్ ఊడి చేతిలో ఊగుతుంటే ఆ బోల్టు తిప్పడం నరకం. పిన్ను బోల్టులు తీసేటప్పుడు పిన్నును సన్న స్పానర్‌తో పట్టుకోవాలి, లేకపోతే పిన్ను కూడా తిరిగి రబ్బరు బూట్ మెలిపడి చిరుగుతుంది. హోస్ ఇంకా తగిలి ఉన్న కాలిపర్‌ను తీగతో కాయిల్ స్ప్రింగ్‌కు కట్టాలి. హోస్ మీద వేలాడనివ్వకూడదు.

బ్రాకెట్‌లో ప్యాడ్ చెవులు కూర్చునే చోట స్టీలు క్లిప్పులు ఉంటాయి. వాటిని తీసి చూడనివాళ్లే ఎక్కువ. క్లిప్ కింద తుప్పు పెరిగితే అది క్లిప్‌ను పైకి లేపుతుంది, ప్యాడ్ చెవి బిగుసుకుంటుంది. అప్పుడు కాలిపర్, హోస్ రెండూ బాగున్నా ప్యాడ్ వెనక్కి రాదు. ఈ కారులో కొద్దిగానే ఉంది, వైర్ బ్రష్‌తో తీసేశాను. బ్రేక్ దుమ్మును గాలితో ఊదకుండా తడి గుడ్డతో తుడిచాను. పాత ప్యాడ్ల దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, ఊపిరితిత్తుల్లోకి పోనివ్వకూడదు.

పిన్నుల్లో స్లీవ్ ఉన్నది పైనా కిందా అనేది కారును బట్టి మారుతుంది. విప్పేటప్పుడే గుర్తు పెట్టుకుని, మాన్యువల్‌తో సరిచూసుకోవాలి. గ్రీజు పల్చగా రాశాను. ఎక్కువ కుక్కితే మూసి ఉన్న రంధ్రంలో గ్రీజు, గాలి చిక్కుకుని పిన్నును బయటికి తోస్తుంటాయి.

హోస్ బిగించేటప్పుడు బాంజో బోల్టుకు ఇటొకటి అటొకటి కొత్త రాగి వాషర్లు వేశాను. ఒకసారి నలిగిన వాషర్ మళ్లీ సరిగ్గా సీల్ చేస్తుందని నమ్మకం లేదు. బాంజో బోల్టు, పిన్ను బోల్టులు, బ్రాకెట్ బోల్టులు, నిపుల్, నాలుగింటికీ టార్క్, అంటే బిగించాల్సిన బలం, వేరువేరు. బ్రాకెట్ బోల్టుకు కావలసిన బలంలో చిన్న భాగంతోనే నిపుల్ విరిగిపోతుంది. అందుకే ఆ కారు మాన్యువల్ పక్కన పెట్టుకుని టార్క్ రెంచ్‌తోనే బిగించాను. ఒక కారు అంకె ఇంకో కారుకు వాడకూడదు. బ్రాకెట్ విప్పితే దాని బోల్టులు మళ్లీ వాడొచ్చో లేదో కూడా అందులోనే ఉంటుంది.

బిగించాక స్టీరింగ్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి, హోస్ ఎక్కడా మెలిపడటం లేదనీ టైరుకు రాసుకోవడం లేదనీ చూశాను. చక్రాలు వేలాడుతున్నప్పుడు ఒకసారి, బరువు మీద ఒకసారి చూడాలి. హోస్ పొడవునా గీత ముద్రించి ఉంటే అది నిటారుగా ఉండాలి. పాము చుట్టినట్టు తిరిగితే మెలిపడిందని అర్థం.

ఎయిర్ తీసేటప్పుడు సీల్ తీయని డబ్బాలోని ఆయిలే వాడాను. పెడల్‌ను నేల దాకా తొక్కనివ్వలేదు. పాత మాస్టర్ సిలిండర్‌లో రోజూ వాడని చివరి భాగంలో తుప్పు, మడ్డి ఉండొచ్చు, సీల్ అక్కడి దాకా వెళ్తే చిరుగుతుంది. కుర్రాడు సగం దాకా తొక్కుతూ వదులుతూ ఉన్నాడు. ఈసారి ఎడమ ధార, కుడి ధార ఒకేలా వచ్చాయి. ఆ ధార చూసినప్పుడే నాకు మనసు కుదుటపడింది.

కారు కదిపే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కాలి. పిస్టన్ వెనక్కి వెళ్లి ఉంటుంది కాబట్టి మొదటి తొక్కుడుకు పెడల్ నేలకు దిగుతుంది. ఇది మరిచిపోయి కారు వెనక్కి తీసి గోడకు కొట్టినవాళ్లు ఉన్నారు. చివరగా చక్రం నట్లు నక్షత్రం వరసలో, కారు నేల మీదికి దించాక టార్క్ రెంచ్‌తో బిగించాను.

ఇరవై ఐదు నిమిషాలు నడిపాను, లోపం బయటపడటానికి పట్టిన సమయం కన్నా ఎక్కువే. ఎడమ 92 డిగ్రీలు, కుడి 89.

తర్వాత నా పనిలో మారినవి

ఓనర్ చెప్పిన మాటను ఇప్పుడు ఆయన మాటల్లోనే రాసుకుంటున్నాను. నాకు అర్థం కాని వాక్యం ఉంటే దాని కింద గీత గీస్తున్నాను. పరీక్ష కోసం నడిపే దూరం లోపం ఎంతసేపటికి వస్తుందో దాన్ని బట్టి ఉండాలి, నా తీరికను బట్టి కాదు. పట్టేసిన బ్రేక్ వస్తే పై జాయింట్, తర్వాత నిపుల్, ఆ తర్వాతే కాలిపర్ బోల్టులు. ఈ వరస మా షెడ్‌లో గోడ మీద రాసి ఉంది.

పిన్ను విషయంలో నేను చేసిన పని తప్పు కాదు. అది నిజంగానే బిగుసుకుంది, బాగు చేయాల్సిందే. కానీ ఒక మూల ఒక లోపం దొరికితే రెండోది ఉండదని ఎవరూ హామీ ఇవ్వరు. పిన్నులో మామూలు గ్రీజు పెట్టడం, హోస్‌ను ప్లయర్‌తో నొక్కడం, రెండూ ఒకే రకమైన తొందరకు గుర్తులు. మొదటిది కనబడినప్పుడే రెండోదాని కోసం వెతకాల్సింది.

అనవసరంగా మార్పించిన కాలిపర్‌కు, ఆ రోజు పనికి ఓనర్ దగ్గర ఏమీ తీసుకోలేదు. పాత కాలిపర్ ఇప్పుడు కుర్రాడికి పాఠం చెప్పడానికి బెంచి మీద ఉంది, పక్కనే పొడవునా కోసిన ఆ హోస్ ముక్క.

మూడు నెలలకు సర్వీసుకు కారు వచ్చినప్పుడు ముందు రెండు చక్రాలూ తీశాను. ఎడమ లోపలి ప్యాడ్ 8.6 మిల్లీమీటర్లు, బయటిది 8.8. కుడి వైపు రెండూ 8.7. ఎడమ పిస్టన్‌ను ముందు నిపుల్ మూసి వెంట్రుకవాసి నెట్టాను, తర్వాత నిపుల్ తెరిచి నెట్టాను. రెండుసార్లూ ఒకేలా జారింది.